గుహలోకి పులి ఎలా వచ్చింది: నమూనాల తయారీ డైరీ

జూలై, పని మొదలు

పెరంబూరులో మా కాలనీ తెలుగువాళ్లు నడుపుకుంటున్న పిల్లల గ్రంథాలయం కోసం, గుహల్లో దొరికిన మార్జాల జాతి మృగాల శిలాజాల మీద ఒక ప్రదర్శన పెట్టె తయారు చేయడం ఈ ప్రాజెక్టు. నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ఉన్న ప్లైవుడ్ పెట్టెలో సున్నపురాతి గుహ ఒకటి నిలువునా కోసినట్టు కనబడాలి. దాని ముందు బల్ల మీద, పిల్లలు చేత్తో పట్టుకుని తిప్పి చూసుకునేలా, అసలు కొలతలతో చేసిన కింది దవడలు, కోరలు, గోటి ఎముకలు ఉండాలి. అసలు పన్నో గోరో ఎక్కడైనా సంపాదిస్తే ఇంకా బాగుంటుందని కమిటీలో ఒకరిద్దరు సూచించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పులిగోరును పతకంగా మెడలో వేసుకున్నా కేసవుతుందని గుర్తుచేసిన తరువాత ఆ ప్రస్తావన మళ్లీ రాలేదు. తాతల నాటి పులిగోరు పతకాలు ఎవరెవరి బీరువాల్లో ఉన్నాయో విచారించే పని మాత్రం నేను పెట్టుకోలేదు.

ఈ పనిలో నాకు తోడు మా బావ. అంబత్తూరులో ఒక ఫౌండ్రీలో పాటర్న్ మేకరుగా, అంటే పోత అచ్చులకు నమూనాలు చేసే పనిలో ఉండి రిటైరయ్యారు. అచ్చు తీయడం, పోత పోయడం ఆయనకు చేతిలో ఉన్న విద్య. త్రీడీ ప్రింటరు, స్కాన్లు, చదవవలసిన వ్యాసాలు నా వంతు.

పెట్టెలో ఏం చూపించాలన్న దగ్గరే మొదటి చర్చ వచ్చింది. గుహ ముఖద్వారంలో గర్జిస్తున్న సింహం బొమ్మను నిలబెట్టాలని కమిటీ ఆలోచన. "అట్లా నిలబెడితే సరిపోయేదానికి ఇంత తతంగం ఎందుకప్పా?" అని బావ కూడా అడిగారు. నా అభ్యంతరం ఒక్కటే. ఎలుగుబంటి చలికాలమంతా గుహలో పడుకుంటుంది, దుమ్ములగొండి తిండిని అక్కడికి ఈడ్చుకొస్తుంది కాబట్టి వాటి ఎముకలు గుహల్లో కుప్పలుగా దొరకడం సహజం. సింహమూ పులీ గుహలో కాపురముండే జంతువులు కావు. ఎండకో వానకో తలదాచుకోవడానికి, పిల్లలను పెట్టడానికి వాడుకుంటే వాడుకుంటాయి. అయినా ప్రపంచం నలుమూలలా గుహల్లో వాటి ఎముకలు దొరికాయి. ఆ ఎముక లోపలికి ఎలా చేరిందన్నదే ఈ విషయంలో అసలైన ఆసక్తి. గర్జించే బొమ్మ పెడితే పిల్లలకు ఆ ప్రశ్నే పుట్టదు. పెట్టెలో ఏ జంతువు బొమ్మా ఉండకూడదని, ఎముకలు, అవి లోపలికి వచ్చిన దారులు మాత్రమే ఉండాలని చివరికి ఒప్పించాను.

జూలై చివర, రాయి సంగతి

మాది కర్నూలు ప్రాంతంలో బేతంచెర్ల పక్క ఊరు. మద్రాసులో స్థిరపడిన మావాళ్ల ఇళ్లలో ఇప్పటికీ నేల మీద బేతంచెర్ల బండలే కనబడతాయి. ఆ బండలు తీసే సున్నపురాతి గుట్టల్లోనే బిలస్వర్గం గుహలు ఉన్నాయి. అక్కడ ఎముకలున్న సంగతిని 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ లోకానికి తెలిపాడు. నలభై ఏళ్ల తరువాత భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, సైన్యంలో ఉన్న ఆయన కుమారుడు హెన్రీ ఫూట్ 1884, 85 ప్రాంతాల్లో ఆ గుహల నేలను పొరలుపొరలుగా తవ్వించారు. దొరికిన ఎముకలను పరిశీలించి రిచర్డ్ లిడెక్కర్ అనే శాస్త్రవేత్త 1886లో వివరాలు ప్రకటించాడు. ఆ జాబితాలో పులి ఉంది, కర్నూలు పేరే పెట్టిన ఖడ్గమృగం ఉంది, ఇప్పుడు ఆఫ్రికాలో మాత్రమే మిగిలిన మచ్చల దుమ్ములగొండి కూడా ఉంది.

ఈ తండ్రి ఫూటే 1863 మే 30న మన పల్లావరంలో పాత రాతియుగపు రాతి పనిముట్టును గుర్తించినవాడు. ఆయన సేకరించిన వస్తువులను 1904లో మద్రాసు మ్యూజియం కొనుగోలు చేసింది. ఆ రాతి గొడ్డళ్లను చూడడానికి ఎగ్మూరులోని ఆ మ్యూజియానికి వెళ్లినప్పుడు నాకు కావలసిన పోలిక అక్కడే దొరికింది. పల్లావరంలో ఆయన రాయిని చూశాడు, కర్నూలు గుహల్లో ఎముకలను చూశాడు. పల్లావరం చుట్టుపక్కల ఉన్న ఎర్రని జేగురు గులకమట్టిలో వాన నీరు సులువుగా దిగుతుంది, ఆ మట్టికి కొంత ఆమ్ల గుణం ఉంటుంది, కాబట్టి ఎముకలోని కాల్షియం కరిగిపోయి రాయి మాత్రమే మిగులుతుంది. సున్నపురాతి గుహలో జరిగేది వేరు. కార్బన్ డయాక్సైడు కలిసిన వాన నీరు రాతిని కరిగించుకుంటూ గుహను తొలుస్తుంది. అదే నీరు లోపల చుక్కలుగా కారేటప్పుడు, కరిగిన సున్నాన్ని తిరిగి పొరగా పేరుస్తుంది. ఆ పొర కింద పడిన ఎముక ఎండకు పగలదు, ఆమ్లానికి కరగదు. గుహను తొలిచిన నీరే ఎముకకు మూత వేస్తుందన్నమాట.

పెట్టె అడుగున పరచడానికి బావ తన పాత ఇంటి మరమ్మతులో మిగిలిన బేతంచెర్ల బండ ముక్కలు తెచ్చారు. నీళ్లు కలిపిన యాసిడ్ ఒక చుక్క వేస్తే బండ మీద బుసబుసమని నురగ లేచింది. ఈ పరీక్షను పిల్లల ముందు నిమ్మరసంతో చేసి చూపించవచ్చు, నురగ కొంచెం తక్కువగా వస్తుంది.

ఆగస్టు, దవడలు

చదువు కోసం ఉచితంగా అందుబాటులో ఉన్న స్కాన్ల నుంచి ఆఫ్రికా సింహం, బెంగాల్ పులి, చిరుతపులి, మంచుయుగపు గుహ సింహం కింది దవడలను ఎంచుకున్నాను. గుహ సింహానికి శాస్త్రీయంగా పేరు పెట్టినది 1810లో గోల్డ్‌ఫుస్ అనే జర్మన్ శాస్త్రవేత్త. దానికి ఆధారం బవేరియాలోని జోలితెన్ గుహలో దొరికిన పుర్రె. ఈ మృగం ఇప్పటి సింహం కన్నా సుమారు పదో వంతు పెద్దది. ఐరోపా నుంచి సైబీరియా మీదుగా అలాస్కా వరకూ తిరిగి, దాదాపు 14 వేల సంవత్సరాల క్రితం అంతరించింది.

నా ప్రింటరు బెడ్ 22 సెంటీమీటర్ల చదరం. గుహ సింహం దవడ అందులో నేరుగా పట్టదు, మూల నుంచి మూలకు ఏటవాలుగా పెట్టాలి. ఎడమ, కుడి సగాలను విడివిడిగా ప్రింట్ చేశాను. ఇది యంత్రం కోసం చేసిన సర్దుబాటే అయినా, శిలాజాలకూ సరిగ్గా సరిపోయింది. మార్జాల జాతిలో గడ్డం దగ్గర ఆ రెండు సగాలు ఎముకగా అతుక్కుపోవు, నార కణజాలంతో మాత్రమే కలిసి ఉంటాయి. జంతువు చచ్చి ఆ నార కుళ్లిపోతే సగాలు విడిపోతాయి. అందుకే గుహల తవ్వకాల్లో దవడ ఒక పక్కదే దొరకడం మామూలు. అతుకు పడే ముఖం స్కాన్‌లో గరుకుగా, చిన్నచిన్న గుంటలతో కనబడుతుంది. బావ దాన్ని ఉప్పుకాగితంతో నున్నగా రుద్దబోతుంటే ఆపవలసి వచ్చింది.

చెన్నై గాలిలోని తేమ ప్రింటింగుకు పెద్ద శత్రువు. విప్పి బయట పెట్టిన ఫిలమెంటు (ప్రింటరు కరిగించి వాడే ప్లాస్టిక్ తీగ) తేమ పీల్చుకుంటే, అది కరిగి బయటికొచ్చే నాజిల్ దగ్గర చిటపటమని చప్పుడు వస్తుంది, పళ్ల మధ్య సాలెగూడు లాగా దారాలు సాగుతాయి. బియ్యం డబ్బా ఒకటి ఖాళీ చేయించి, అడుగున సిలికా జెల్ పోసి, మూతకు రంధ్రం పెట్టి, ఫిలమెంటు చుట్టను అందులోనే ఉంచి తీసుకుంటే ఆ బాధ చాలావరకు తగ్గింది.

ఒక్కో సగంలో ఏడు పళ్లు ఉంటాయి: మూడు కొరుకుడు పళ్లు, ఒక కోర, తరువాత కొంత ఖాళీ, దాని వెనక మూడు చెంప పళ్లు. పైన, కింద కలిపి మొత్తం 30. మనకున్నట్టుగా నమలడానికి వెడల్పు ముఖం ఉన్న పన్ను ఒక్కటీ లేదు. వెనకాల ఉన్న పెద్ద పన్ను అంచు పై దవడలోని దాని జోడీకి పక్కగా రాసుకుంటూ దిగుతుంది, మాంసం అడకత్తెరలో వక్కలాగా తెగుతుంది. కోరలో బయటికి కనబడే భాగం కన్నా దవడ లోపల పాతుకున్న వేరే పొడవు. పిల్లలు దీన్ని కళ్లారా చూడాలని ఒక కోరను వేరుతో సహా విడిగా ప్రింట్ చేశాను.

సింహం దవడనూ పులి దవడనూ విడదీసి చెప్పే పాత పరీక్ష ఒకటి ఉంది. చదునైన బల్ల మీద పెట్టి వెనక భాగాన్ని వేలితో నొక్కాలి. సింహం దవడ అడుగు అంచు కొంచెం కిందికి ఉబ్బి ఉంటుంది కాబట్టి ముందుకూ వెనక్కీ ఊగుతుంది. పులి దవడ అడుగు తిన్నగా ఉంటుంది కాబట్టి కుదురుగా కూర్చుంటుంది. బేతంచెర్ల బండ మీద మా నమూనాలతో ప్రయత్నిస్తే సింహానిది ఊగింది, పులిది కదల్లేదు, గుహ సింహానిది సింహం వైపే మొగ్గింది. ఒక్కో జంతువుకూ ఆకారంలో తేడా ఉంటుంది కాబట్టి ఈ పరీక్షను ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పకూడదు. పుర్రె దొరికితే ముక్కు ఎముకలు ఎంత వెనకకు వెళ్లాయో కూడా చూస్తారు. పులిలో అవి పక్కనున్న పై దవడ ఎముక కొసను దాటి వెనక్కి సాగుతాయి. గుహ సింహం పులికి దగ్గరా, సింహానికి దగ్గరా అన్న వాదం చాలాకాలం నడిచి, చివరికి డీఎన్‌ఏతో తేలింది. 2020లో వచ్చిన పూర్తి జన్యుపటాల అధ్యయనం ప్రకారం గుహ సింహం, ఇప్పటి సింహం సుమారు 5 లక్షల సంవత్సరాల క్రితం విడిపోయిన దాయాదులు.

సెప్టెంబరు, పోత

ప్రింట్ చేసిన ప్లాస్టిక్ దవడలను నేరుగా పిల్లల చేతికి ఇవ్వడం బావకు ఇష్టం లేదు. బరువు లేని ఎముక ఎముకలా అనిపించదని ఆయన వాదన, నాకూ అది సబబుగానే తోచింది. అతుకులకు ఎం-సీల్ పెట్టి, ప్రైమరు పూసి, సిలికాన్ రబ్బరుతో రెండు ముక్కలుగా విడిపోయే అచ్చులు తీశారు. అచ్చులో పోయడానికి మామూలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కాకుండా పళ్ల డాక్టర్లు వాడే డెంటల్ స్టోన్ తెచ్చాం. రెండూ జిప్సమే అయినా, వంద గ్రాముల పొడికి ప్లాస్టరు 50 మిల్లీలీటర్ల దాకా నీళ్లు అడుగుతుంది, డెంటల్ స్టోన్ 30తో సరిపెట్టుకుంటుంది. నీళ్లు ఎంత తక్కువైతే ఆరాక అంత గట్టిగా ఉంటుంది, కోర మొన విరిగే భయం అంత తగ్గుతుంది.

మొన దగ్గర గాలి బుడగ నిలవకుండా చేయడంలోనే పనితనమంతా ఉంది. పళ్లు కిందికి ఉండేలా అచ్చును పెట్టి పై నుంచి పోస్తే, గాలి కోర కొసలో చిక్కుకుంటుంది. బావ ముందుగా పల్చగా కలిపిన ముద్దను సన్నని కుంచెతో ఒక్కొక్క పంటి గుంటలోకి పూసి, అచ్చును బల్ల అంచుకు తడుతూ, మిగిలినది ఒక మూల నుంచి మెల్లగా పోశారు. ముద్ద దానంతట అది నడుచుకుంటూ రెండో మూలకు చేరాలట, మనం తోయకూడదట. విప్పి చూస్తే చెంప పన్ను అంచు మీదున్న సన్నని గాడి కూడా పడింది.

అక్టోబరు, గుహ

వానలు మొదలయ్యాయి. థర్మకోల్ చెక్కి, పాత దినపత్రికలు అతికించి, పైన సిమెంటు పాలు పూసిన గుహ గోడ ఆరడానికే రోజులు పడుతోంది. ఈలోగా ఎముకలు లోపలికి వచ్చే దారులు ఏవేవో తేల్చుకున్నాం.

మొదటిది బావి లాంటి నిలువు గొయ్యి. అమెరికాలోని వయోమింగ్‌లో నేచురల్ ట్రాప్ అనే గుహ ఉంది. పైన నేలలో ఒక రంధ్రం, కింద దాదాపు 26 మీటర్ల లోతు, గంట ఆకారం. పడిన జంతువు పైకి ఎక్కే వీలు లేదు. ఇప్పుడు అంతరించిన అమెరికా సింహం, చీతాను పోలిన మరో మృగం అందులో దొరికాయి. మా పెట్టెలో ఎడమ వైపు చిమ్నీ లాంటి గొట్టం దీని కోసమే.

రెండోది వేటాడి తెచ్చుకోవడం. టెక్సాస్‌లోని ఫ్రీసెన్‌హాన్ గుహలో హోమోథీరియం అనే అంతరించిన కత్తికోరల మార్జాలాలు పెద్దవీ పిల్లలూ కూడా దొరికాయి, వాటితో పాటు పసి మామత్‌ల (అంతరించిన ఏనుగు జాతి) పాలపళ్లు వందల సంఖ్యలో దొరికాయి. ఇది గుహను నిజంగానే ఇల్లుగా వాడుకున్న అరుదైన ఉదాహరణ అనుకోవచ్చు. ఐరోపా గుహ సింహాల ఎముకల్లోని ఐసోటోపులను (తిన్న తిండిని బట్టి పాళ్లు మారే పరమాణు రకాలను) పరీక్షించి 2011లో ప్రకటించిన అధ్యయనం కొన్ని రెయిన్‌డీర్‌ల మీద, కొన్ని గుహ ఎలుగుల పిల్లల మీద బతికాయని చెప్పింది. ఎలుగు పిల్లల కోసం గుహలోకి దూరిన సింహం తల్లి ఎలుగు చేతిలో చస్తే, దాని ఎముక అక్కడే మిగులుతుంది.

వీటన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టినది దక్షిణాఫ్రికాలోని స్వార్ట్‌క్రాన్స్ గుహకు సంబంధించిన ముక్క. ఇప్పటికి పదిహేను, ఇరవై లక్షల సంవత్సరాల నాటి ఆ గుహలో మనిషికి దాయాది అయిన పారాంత్రోపస్ పిల్లవాడి పుర్రె పై భాగం 1949లో దొరికింది. దాని వెనక భాగంలో రెండు గుండ్రని రంధ్రాలు ఉన్నాయి. మనిషే మనిషిని ఆయుధంతో చంపాడని అప్పట్లో అనుకున్నారు. సి.కె. బ్రెయిన్ అనే శాస్త్రవేత్త అదే గుహలో దొరికిన చిరుతపులి కింది దవడను తెచ్చి పుర్రెకు ఆనిస్తే, రెండు కోరలూ రెండు రంధ్రాలకూ సరిపోయాయి. 1970లో ఆయన దీన్ని ప్రకటించాడు. చెట్లు తక్కువగా ఉండే ఆ మైదానంలో గుహ నోటి దగ్గరే తేమ ఉంటుంది, చెట్లు అక్కడే పెరుగుతాయి. చిరుత తన వేటను కొమ్మ మీదికి ఎక్కించి తింటుంది, తినగా మిగిలిన ఎముకలు కింద ఉన్న గుహలోకి రాలతాయి. గుహలో ఉన్నవాడు వేటగాడు కాదు, వేట.

ఈ కథను బోర్డు మీద రాసి పెడదామని నేను చిత్తుప్రతి సిద్ధం చేశాను. బావ చదివి పక్కన పెట్టేశారు. "రాసేదెందుకప్పా, ఆ చిప్పా ఆ దవడా పక్కపక్కన పెట్టు. పిల్లోళ్లే ఆనించి చూసుకుంటారు" అన్నారు. కోసపేట కుమ్మరుల దగ్గర తెచ్చిన బంకమట్టితో పుర్రె చిప్పను మలిచి, రంధ్రాల చోటు మా చిరుత దవడకు సరిపడేలా కొలిచి, పోత పోశాం. ఇక్కడ మాత్రం దవడ రెండు సగాలనూ గడ్డం దగ్గర గట్టిగా అతికించక తప్పలేదు, ఎందుకంటే కోరల మధ్య దూరమే ఇందులో సాక్ష్యం. చిప్పను బోర్లించి దవడను వెనక నుంచి తెస్తే కోరలు దిగుతాయి. ముందు నుంచి తెస్తే వంపు కుదరదు. మా ఎదురింటి అబ్బాయి చేతికి ఏమీ చెప్పకుండా ఇచ్చాం. అటూ ఇటూ తిప్పి, ఆనించి, "అంకుల్, దీన్ని ఈడ్చుకుపోయిందా?" అని అడిగాడు. బోర్డు రాత అక్కర్లేదని అప్పుడే నిర్ణయమైపోయింది.

నవంబరు, మూడో దారి, రంగులు

మూడో దారి మనిషి. జర్మనీలోని ఐన్‌హార్న్ గుహలో దొరికిన గుహ సింహం కాలి వేలి ఎముక మీద కోత గాట్లు ఉన్నాయి. 1,90,000 సంవత్సరాల నాటి ఆ గాట్లను బట్టి నియాండర్తల్ మనుషులు గోళ్లు ఊడకుండా చర్మం ఒలిచారని పరిశోధకులు 2023లో తెలిపారు. స్పెయిన్‌లోని లా గార్మా గుహలోనూ గోటి ఎముకల మీద ఇలాంటి గాట్లే కనబడ్డాయి, అయితే అవి మన జాతి మనుషుల కాలానివి. బవేరియాలోని సీగ్స్‌డోర్ఫ్‌లో దొరికిన 48,000 ఏళ్ల నాటి సింహం పక్కటెముక మీద చెక్క ఈటె గుచ్చిన గుర్తు ఉంది, అది గుహలోది కాకపోయినా కథకు కావాలి. సింహం తనంతట తాను రాకపోయినా చర్మంగా, గోళ్లతో సహా, మనిషి భుజం మీద గుహలోకి వచ్చిందన్నమాట. ఇది చెప్పాక కమిటీలో పులిగోరు పతకాల మాట మళ్లీ లేచింది. ఈసారి దాన్ని నేను ఆపలేదు, విషయం అక్కడికే వస్తుంది.

గోటి ఎముకలో మనకు బయట కనబడే గోరు ఉండదు. అది కొమ్ము పదార్థం కాబట్టి కుళ్లిపోతుంది. లోపలి ఎముక మొన, దాని మొదట్లో చుట్టూ ఉన్న ఎముక రెక్క మాత్రమే మిగులుతాయి. గాట్లను పోత ఆరకముందే హాక్సా బ్లేడు ముక్కతో పెట్టాం. అవి బాగా లోతుగా పడితే అబద్ధంలా కనబడతాయి, గోరు ఆనిస్తే తగిలేంత చాలు.

రంగుకు టీ డికాక్షన్, దాని మీద నేలకు వేసే రెడ్ ఆక్సైడు పొడి, పగుళ్లలో కాస్త మసి. గుహల్లోని ఎముకల మీద నల్లటి మరకలు చాలావరకు మాంగనీసు వల్ల ఏర్పడతాయి, మంటకు కాలిన గుర్తులని వాటిని పొరబడే అవకాశం ఉంది. కర్నూలు ముక్కలకు ఎరుపు ఎక్కువ పట్టించాం.

బిలస్వర్గం పులిని ఏ దారి కింద పెట్టాలన్నది ఒక్కటే మిగిలింది. అదే గుహల్లో దుమ్ములగొండి ఉంది కాబట్టి ఈడ్చుకొచ్చిందని బావ అంటారు. నేను ఒప్పుకోలేదు. పులి దవడను మూడు దారులూ కలిసే చోట, ఎర్రమట్టి పొర మీద, అతికించకుండా పెట్టాం. పిల్లలు దాన్ని తీసి తమకు తోచిన దారిలో పెట్టుకోవచ్చు. పెట్టెకు ముందు అద్దం బిగించాలని కమిటీ ఇంకా అంటోంది. అద్దం వద్దని, అచ్చులు మా దగ్గరే ఉన్నాయి కనుక ఏది విరిగినా మళ్లీ పోసి ఇస్తామని ఈ వారం రాసి ఇచ్చాం. వానలు తెరిపి ఇవ్వగానే గుహ కప్పుకు రెండో పూత, ఆ తరువాత దీపం వైరింగు పని ఉంది.